నలుపు తెలుపు అచ్చులో తెలుపు నిలబడాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (తామరతూడు, గుంటూరు)

నేను గుంటూరులో నూలు దుపట్టాలకు డిజైన్లు వేస్తాను. అద్దకం పెడనలో చేయిస్తాను. ఈసారి ఒక్క నలుపుతోనే తామర తీగ వేయాలనుకున్నాను. కాగితం మీద నిండుగా కనిపించింది. చెక్కించే ముందు నమూనాగా స్క్రీన్ ప్రింటింగుతో బట్ట మీద అద్ది చూస్తే పువ్వులు పువ్వులుగానే ఉన్నాయి, వాటి మధ్య చోటు మాత్రం చెల్లాచెదురుగా ఉంది. చుక్కలతో నింపాను, బట్ట మురికి పట్టినట్టు తయారైంది.

జపాన్ నమూనాల్లో ఇంతకంటే తక్కువ గీతలుంటాయి, అయినా ఎక్కడా వెలితి కనిపించదు. నలుపు తెలుపుల పొందికతో బొమ్మ కట్టే ఆ పద్ధతిని నోటాన్ అంటారని చదివాను. నలుపు సగం, తెలుపు సగం అనే లెక్క ఏదైనా ఉందా? టేకు అచ్చు ఒకసారి చెక్కాక దిద్దడం కష్టం కాబట్టి ముందే అడుగుతున్నాను.

జవాబు (డ్రాయింగు మాస్టారు, విజయవాడ)

సగం సగం లెక్క ఏమీ లేదమ్మా. అమెరికాలో చిత్రకళ నేర్పిన ఆర్థర్ వెస్లీ డౌ 1899లో అచ్చు వేసిన పాఠ్యపుస్తకాన్ని రేఖ, నోటాన్, రంగు అనే మూడింటి మీద నిలబెట్టాడు. అందులోనూ కొలత కంటే ఆకారానికే పెద్దపీట. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో వేసిన పెద్ద కెరటం బొమ్మను తలకిందులు చేసి చూడండి. కెరటం పోగా మిగిలిన ఆకాశం కూడా ఇంకో కెరటంలా వంగి ఉంటుంది. ఆ చోటునూ ఆయన శ్రద్ధగా గీశాడు.

జవాబు (అద్దకం పని, విజయవాడ వన్‌టౌన్)

మాస్టారి మాటకు పనిలోంచి ఒక సంగతి చేరుస్తాను. పెడనలో అచ్చు చెక్కేవారి పక్కన ఒక పూట కూర్చోండి. డిజైను టేకు దిమ్మ మీదికి ఎక్కాక ఆయన ఉలి నల్ల గీతను ముట్టుకోదు. తెల్లగా మిగలాల్సిన చోటునే తవ్వుకుంటూ పోతుంది. మనం కంప్యూటర్ ముందు కూర్చుని నలుపు గీస్తాం, ఆయన పొద్దస్తమానం తెలుపు చెక్కుతాడు. తెలుపుకు రూపం లేకపోతే ముందుగా తెలిసేది ఆ చేతికే. అందుకే కొత్త డిజైను ఏదైనా నేను మొదట ఆయనకే చూపిస్తాను, కొట్టు యజమానికి ఆ తర్వాతే.

జపాన్‌లోనూ ఇంతే. మియె ప్రాంతంలో, సుజుకా దగ్గర, ఇసె కటగామి అనే కాగితపు అచ్చులు చేస్తారు. చెట్టు నారతో చేసిన కాగితాలు రెండు మూడు పొరలుగా పెర్సిమన్ కాయల రసంతో అంటించి, పొగ పెట్టి గట్టిపరుస్తారు. తర్వాత కత్తితో కోస్తారు. కోసిన సందుల్లోంచి బియ్యపు పిండి ముద్ద బట్ట మీదికి దిగుతుంది. ఆ ముద్ద ఉన్నచోట రంగు పట్టదు. అంటే అక్కడ కూడా కత్తి పడిన చోటంతా తెలుపే.

పైగా మిగిలిన కాగితంలో ఏ ముక్కా ఒంటరిగా ఉండకూడదు, ఉంటే ఊడిపోతుంది. ప్రతి నలుపూ ఇంకో నలుపును ఎక్కడో ఒకచోట పట్టుకుని ఉండాలి. మరీ సన్నని కోతలైతే రెండు పొరల మధ్య పట్టు దారాలు పరిచేవారు. మీరు మెచ్చుకున్న ఆ నిండుదనం చాలావరకు ఈ కట్టడిలోంచే పుట్టిందని నా నమ్మకం. మీ పువ్వులకు ఒకదాన్నొకటి పట్టుకునే ఆ బిగువు లేదు. చుక్కలు దాన్ని తెచ్చిపెట్టలేవు, తీసేయండి.

తామరతూడు

చాలా సంతోషమండీ. పువ్వులను పెద్దవి చేస్తే సరిపోతుందా? రేకుల మధ్య సందు ఎంత ఉంచాలి?

అద్దకం పని

పెద్దవి చేసినంత మాత్రాన సరిపోదమ్మా. తీగను వంచి రెండు పువ్వుల మధ్య చోటును చుట్టేయండి, ఆ చోటే ఒక తెల్లని ఆకుగా కనిపించాలి. సందు మాత్రం కాగితం మీద ఉన్నంత సన్నగా బట్ట మీద నిలవదు. మన నలుపు తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసేది. కరక్కాయ పట్టించిన నూలు మీద పడగానే కాస్త పాకి, తెల్ల సందును రెండు వైపుల నుంచీ తినేస్తుంది. మీ బట్ట ముక్క ఒకటి వెంట తీసుకెళ్లి, ఆ నేతకు ఎంత వదలాలో చెక్కేవారినే అడగండి.

ఈలోగా ఒక అభ్యాసం చేయండి. తెల్ల కాగితం మీద నల్ల కాగితపు చతురస్రం ఒకటి పెట్టండి. దాని అంచు నుంచి ఒక ఆకు కత్తిరించి, ఆ ముక్కను అదే అంచు దగ్గర బయటికి మడిచినట్టు తిప్పి అతికించండి. లోపల తెల్ల ఆకు, బయట నల్ల ఆకు, రెండూ ఒకే కోతతో వస్తాయి. నాలుగు అంచులూ అలా చేసేసరికి ఏది ముందు గీశారో చెప్పలేరు.

తర్వాత మీ డిజైను నాలుగు కాపీలు తీసి, రెండు పైన, రెండు కింద కలిపి పెట్టండి. ఒక్క అచ్చులో కనిపించని తెలుపు ఒకటి ఆ నాలుగూ కలిసే మూలలో పుడుతుంది. దుపట్టా పరిచినప్పుడు అది పదే పదే కంటికి తగులుతుంది. ఆ మూల కుదిరేదాకా పెడన వెళ్లకండి.