పెరట్లో ఈతకొలను: మూడు కొటేషన్లను ఎలా పోల్చాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)
మా ఇంటి వెనుక పెరట్లో 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటున 5 అడుగుల లోతుతో గనైట్ (ఇనుప కడ్డీల అల్లిక మీద గొట్టంతో చిమ్మే కాంక్రీటు) ఈతకొలను కట్టించాలనుకుంటున్నాము. ముగ్గురు కాంట్రాక్టర్లు 78 వేలు, 91 వేలు, 1,04,000 డాలర్లు చెప్పారు. మొదటివారి కొటేషన్ ఒక్క పేజీలో ముగిసింది, మూడవవారిది పదకొండు పేజీలు. ఇంత తేడా ఎక్కడ వస్తోందో అనుభవమున్నవారు దయచేసి చెప్పండి. మా పిల్లలిద్దరూ ఆరేళ్లలోపువారు.

సమాధానం (ప్లేనో నుంచి)
మొత్తాలను పక్కన పెట్టి, ముందుగా ముగ్గురి చేతా ఒకే పనికి ధర రాయించండి. మీ కొలతలకు సుమారు 16,800 గ్యాలన్ల నీరు పడుతుంది. పంపు, ఫిల్టర్ దానికి తగినవో కాదో తేలాలంటే వాటి మోడల్ నంబర్లు కాగితం మీద ఉండాలి. అంతకంటే ముఖ్యమైనది నేల. ఇక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. మన వైపు నల్లరేగడిలో కట్టిన ఇళ్ల గోడలు బీటలు వారడం చూసినవారికి ఇది కొత్త కాదు. కాబట్టి మట్టి పరీక్ష చేయిస్తారా, గోడ మందమెంత, ఇనుప కడ్డీల సైజు ఎంత, వాటి మధ్య ఎడమెంత అని తప్పక అడగండి. నీరు నిలిచే భాగానికే 83 క్యూబిక్ యార్డుల మట్టి తవ్వాలి, దాన్ని తరలించే ఖర్చు ఎవరిదో కూడా రాయించండి. మా ఒప్పందంలో "రాయి తగిలితే అదనం" అన్న ఒక్క వాక్యాన్ని నేను పట్టించుకోకపోవడం వల్ల 6,500 డాలర్లు ఎక్కువ కట్టవలసి వచ్చింది.

మరొక సమాధానం
పై సలహాకు తోడు, వాయిదాల పట్టికను చూడండి. తవ్వకం, కడ్డీలు, గనైట్, డెక్ (కొలను చుట్టూ నడిచే గట్టు), ప్లాస్టర్ అనే దశలు ఒక్కొక్కటి పూర్తయ్యాకే డబ్బు ఇవ్వాలి; తవ్వకముందే సగం అడిగేవారిని నేనైతే వదులుకుంటాను. టెక్సస్‌లో ఈతకొలను కట్టేవారికి రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి కాదు కనుక బీమా పత్రం, పాత కస్టమర్ల ఫోన్ నంబర్లు మీరే అడిగి తీసుకోవాలి. కాంట్రాక్టరు తన కింద పనిచేసినవారికి డబ్బు ఎగ్గొడితే వారు మీ ఇంటి మీద లీన్ (బాకీ కోసం ఆస్తిపై పెట్టే చట్టపరమైన హక్కు) వేయవచ్చు; అందుకే ప్రతి వాయిదాకు, ఆ హక్కు వదులుకున్నట్టు తెలిపే లీన్ రిలీజ్ పత్రం రాయించుకోండి. చిన్నపిల్లలున్న ఇల్లు కాబట్టి, దానంతటదే మూసుకుని గడియపడే గేటుతో కూడిన కంచెను కొటేషన్‌లో చేర్పించనిదే సంతకం పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. మళ్లీ చదివితే 78 వేల కొటేషన్‌లో డెక్, మట్టి తరలింపు, కంచె మూడూ లేవని తేలింది. ఆ మూడింటినీ కలిపి కొత్త ధర రాసిమ్మని ఈరోజే అడిగాను.