అమ్మ ఆశ్రమం ఫీజు అన్నయ్య ఒక్కడే కడుతుంటే ఉమ్మడి ఇంట్లో అతని వాటా పెరుగుతుందా?

గుంటూరు ఆడపడుచు:
విజయవాడ సత్యనారాయణపురంలో నాన్న సొంత సంపాదనతో కట్టిన ఇల్లు మాది. వీలునామా రాయకుండానే పోయారు. పై వాటాలో తమ్ముడి కుటుంబం ఉంటోంది. కింది వాటా అద్దె నెలకు 14 వేలు. అమ్మకి పక్షవాతం వచ్చింది. మాట, మతి బాగానే ఉన్నాయి కానీ కుడి చెయ్యి, కాలు కదలవు. ఇంట్లో కుదరక నర్సులుండే వృద్ధాశ్రమంలో చేర్చాం. నెలకు 28 వేలు. అంతా బెంగళూరులో ఉన్న అన్నయ్యే కడుతున్నాడు. ఇల్లు పంచుకునేటప్పుడు ముందు ఆ డబ్బు తనకి ఇచ్చాకే మిగతాది పంచాలంటున్నాడు. తమ్ముడు ససేమిరా అంటున్నాడు. ఎవరిది న్యాయం?

పటమట వాసి:
అన్నయ్యదే. ఏడాదికి 3 లక్షల 36 వేలంటే మాటలా? ఇల్లు అమ్మేసి బ్యాంకులో వేయండి. వడ్డీతో అమ్మ ఫీజు గడిచిపోతుంది.

బ్రాడీపేట లేఖరి:
అమ్మా, దస్తావేజులు రాయడం నా వృత్తి. ఈ తగువు నా బల్ల దగ్గరికి తరచూ వస్తుంది. వచ్చినవాళ్లు ఎంతసేపూ పిల్లల వాటాల గురించే మాట్లాడతారు. మీ ఇంట్లో వాటాలు మూడు కాదు, నాలుగు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికీ మీ ముగ్గురితో సమానంగా నాలుగో వంతు వస్తుంది. అద్దెలోనూ అంతే.

ఫీజు కట్టినంత మాత్రాన అన్నగారి వాటా దానంతట అది పెరగదు. తల్లిని పోషించడం కొడుకులకీ కూతుళ్లకీ చట్టం పెట్టిన బాధ్యత. అలాగని ఆయనొక్కడే మోయాలనడం అన్యాయం. తమ్ముడు అద్దె లేకుండా పైన ఉంటున్నాడు కదా! కింది అద్దె మొత్తం అమ్మగారికే పోవాలి. మిగతా 14 వేలు ముగ్గురూ వేసుకోండి. ఎవరైనా తన వంతుకి మించి పెడితే, ఇప్పటిదాకా అన్నగారు పెట్టింది కూడా, అమ్మగారి నాలుగో వంతులోంచే తీరాలి. తమ్ముడి వాటా, మీ వాటా ముట్టుకోకూడదు. అదీ ఆవిడ ఇష్టపడి వీలునామా రాస్తేనే. వేలిముద్ర చెల్లుతుంది, ఇద్దరు సాక్షులుండాలి. మతి స్థిమితంగా ఉన్నప్పుడే ఈ పని కావాలి.

ఒక్కటి మాత్రం చేయకండి. ఆశ్రమంలో చేర్చే హడావిడిలో తల్లి వాటాకి విడుదల దస్తావేజు, అంటే తన వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే పత్రం, రాయించుకునేవాళ్లున్నారు. ఒక పెద్దావిడ బొటనవేలికి సిరా పూసుకుని, "ఇది దేనికి నాయనా?" అని నన్నడిగింది. చదివి వినిపించాను. కొంగుతో వేలు తుడుచుకుని లేచి వెళ్లిపోయింది. అంతగా రాయించుకోవాల్సి వస్తే, ఆవిడ పోషణ చూస్తామన్న షరతు అందులోనే ఉండాలి. అప్పుడు మాట తప్పితే 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ దస్తావేజుని రద్దు చేయగలదు.

లండన్ తెలుగు కోడలు:
ఇంగ్లండులో కేర్ హోమ్ ఫీజుకి కౌన్సిల్ సాయం కావాలంటే 23,250 పౌండ్లకి మించి ఆస్తి ఉండకూడదు. ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. భర్తో, భార్యో, 60 దాటిన బంధువో అందులో ఉంటుంటే వదిలేస్తారు. మన దగ్గర కూడా ఇలాంటి రూలు ఉంటే గొడవలుండవు కదా?

పటమట వాసి:
రూలు లేకపోతేనేం, రివర్స్ మార్ట్‌గేజ్ ఉందిగా. ఇంటి మీద బ్యాంకే నెలనెలా ఇస్తుంది.

బ్రాడీపేట లేఖరి:
అది 60 దాటినవాళ్లు తాము కాపురముంటున్న సొంత ఇంటి మీద తీసుకునేది. శాశ్వతంగా ఆశ్రమానికి వెళ్లిపోతే అప్పు తీర్చమంటారు. అమ్మగారు ఇప్పటికే ఆశ్రమంలో ఉన్నారు, ఇల్లు చూస్తే నలుగురిది. ఇక అమ్మకమంటారా, ఆవిడ ఒప్పుకుని, ఆవిడ వాటా సొమ్ము ఆవిడ ఖాతాలోనే పడితే నాకు అభ్యంతరం లేదు. ముగ్గురూ పంచేసుకుంటే మరుసటి నెల ఫీజు ఎవరు కడతారు? కోడలమ్మా, మన దగ్గర బిల్లు పంచుకునే కౌన్సిల్ లేదు. లెక్క ఇంట్లోనే తేలాలి.

గుంటూరు ఆడపడుచు:
అన్నయ్య వచ్చే వారం వస్తున్నాడు. ఇంటి పన్ను ఇంకా నాన్న పేరు మీదే వస్తోంది. వీలునామాకి ముందే మార్చాలా?

బ్రాడీపేట లేఖరి:
అక్కర్లేదు, దాని కోసం ఆగకండి. పన్ను మార్పుకి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేసి తర్వాత అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టేటప్పుడు నలుగురి పేర్లూ రాయండి.