హై గెయిన్ ఆంప్ ముందు ఏ ఓవర్‌డ్రైవ్?

ప్రశ్న: ఏడు తీగల గిటార్, లో బి ట్యూనింగ్. ఆంప్‌లో గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) కావలసినంత ఉంది, కానీ వేగంగా పామ్ మ్యూట్ చేస్తే (అరచేతి అంచు తీగలకు ఆనించి వాయిస్తే) కింది తీగ ముద్దగా మోగుతోంది, స్ట్రోకులు విడివిడిగా వినపడట్లేదు. ఓవర్‌డ్రైవ్ పెడల్‌గా (సిగ్నల్‌ని పెంచి కాస్త గరుకు చేసే పెట్టె) ట్యూబ్ స్క్రీమర్ తీసుకోవాలా, బాస్ (Boss) కంపెనీ ఎస్‌డి-1 తీసుకోవాలా?

జవాబు 1: ఏదైనా పర్లేదండీ. ట్యూబ్ స్క్రీమర్ క్లిప్పింగ్ దశలో (డయోడ్లు సిగ్నల్ శిఖరాలను కోసే చోట) 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 0.047 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ కలిసి సుమారు 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గించేస్తాయి. లో బి మూల స్వరం 62 హెర్ట్జ్ దగ్గరే, కాబట్టి ఆ బేస్ ప్రీఆంప్‌ని (డిస్టార్షన్ పుట్టే ఆంప్ మొదటి దశని) ముంచెత్తదు. ఎస్‌డి-1 కూడా ఇదే దారి; డయోడ్లు మాత్రం ఒకవైపు ఒకటి, రెండోవైపు రెండు. డ్రైవ్ సున్నా, లెవెల్ దాదాపు ఫుల్, టోన్ సగం. తర్వాత ఆంప్ గెయిన్ తగ్గించండి, చాలామంది వదిలేసేది ఇదే.

జవాబు 2: పెడల్‌ని ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీఆంప్ తర్వాత పెడల్స్ కలిపే చోట) కాదు, ఆంప్ ఇన్‌పుట్‌లోనే పెట్టండి. బేస్ డిస్టార్షన్‌కి ముందే తగ్గాలి. ముద్దయ్యాక కోసినా స్ట్రోకులు విడిపోవు.

జవాబు 3: డ్రైవ్ సున్నాలో ఉన్నా ట్యూబ్ స్క్రీమర్ క్లిప్పింగ్ దశ పై ఫ్రీక్వెన్సీలను దాదాపు 12 రెట్లు పెంచుతుంది, హిస్ (బుస్సుమనే శబ్దం) అందుకే. నాయిస్ గేట్ (వాయించనప్పుడు శబ్దాన్ని ఆపేసే పెడల్) తప్పదు. సౌండ్ మరీ పలచనైతే ఆంప్‌లో బేస్ పెంచే డెప్త్ నాబ్ పెంచండి, అది ప్రీఆంప్ తర్వాత వచ్చే పవర్ ఆంప్ దశలో పనిచేస్తుంది గనుక బిగువు పోదు.