గంజాం, గజపతి, రాయగడ డిగ్రీ పిల్లలు: ఏ ఏట ఏం చూసుకోవాలి?

వంశధార_గట్టు
ఒడిశాలోని గుణుపురం చుట్టుపక్కల తెలుగిళ్ల పిల్లలు చాలామంది ఈ ఏడు బీఎస్సీ, బీకాంలో చేరారు. ఉద్యోగానికో పై చదువుకో ఒడిశాలో ఉండాలా, విశాఖ వైపు పోవాలా అన్నది మూడో ఏట చూసుకుందాం అంటున్నారు. అప్పటికి ఆలస్యమైపోదా? ‘కష్టపడి చదవాలి’ లాంటివి వద్దు, పనికొచ్చేవి చెప్పండి.

మహేంద్రతనయ
ఆలస్యమే. చదువు మూడో ఏట అందుకోవచ్చు గానీ, కాగితాలు అందుకోలేరు.

మొదటిది ఒడియా. ఓపీఎస్సీ, ఓఎస్సెస్సీ (ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలు భర్తీ చేసే సంస్థలు) ఉద్యోగాలకు మాట్లాడటం వచ్చంటే సరిపోదు, రుజువు అడుగుతారు. ఏడో తరగతిలో గానీ ఆ పైన గానీ ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి. లేదంటే స్కూల్ అండ్ మాస్ ఎడ్యుకేషన్ శాఖ పెట్టే ఎం.ఇ. (మిడిల్ ఇంగ్లిష్, అంటే ఏడో తరగతి) స్థాయి ఒడియా పరీక్ష పాసవ్వాలి. ఇంగ్లిషు మీడియంలో హిందీ, సంస్కృతం తీసుకున్న పిల్లలు ఇక్కడే ఇరుక్కుంటారు. పరీక్ష కష్టమేం కాదు, కానీ నోటిఫికేషన్ వచ్చాక పరిగెడితే సర్టిఫికెట్ గడువులోగా చేతికి రాదు. డిగ్రీ మొదటి ఏడే రాసేయండి.

రెండోది ఆంధ్ర వైపు లోకల్, అంటే స్థానికుడిగా లెక్కలోకి రావడం. అక్కడి రాష్ట్ర ఉద్యోగాలకు పదో తరగతి దాకా ఏ జిల్లాలో చదివారన్నది చూస్తారు, స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. అమ్మమ్మగారిది పాతపట్నం అంటే కుదరదు. పదో తరగతి ఇక్కడే చదివితే అక్కడ నాన్‌లోకలే.

నాగావళి_ఒడ్డు
పేరు సంగతి కూడా చెప్పండి, మనవాళ్లకే ఉన్న తంటా అది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ వెనక రాస్తారు. పదో తరగతి సర్టిఫికెట్లో ‘గెదెల రమేశ్’, ఆధార్‌లో ‘రమేశ్ గెదెల’, కాలేజీలో ‘జి. రమేశ్’. ఈ మూడూ ఒక్కడే అని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలీదు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (డిగ్రీ క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) ఐడీ దగ్గరే ఆగిపోతుంది. బ్యాంకు పరీక్ష హాల్లో కాల్‌లెటర్ పేరుకూ గుర్తింపు కార్డు పేరుకూ తేడా ఉంటే గేటు దగ్గరే ఆపుతారు. పదో తరగతి సర్టిఫికెట్‌నే మూలంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేయించండి. ఆధార్‌లో పేరు మార్పు రెండుసార్లే, అందుకని ఒక్కో అక్షరం చూసుకుని ఇవ్వండి.

కుల ధృవీకరణా అంతే. ఒకే కులం ఒడిశా జాబితాలో, ఆంధ్ర జాబితాలో, కేంద్రం ఓబీసీ జాబితాలో ఒకే వర్గంలో ఉండాలని లేదు. ఒడిశాలో ఎస్‌ఈబీసీ (ఇక్కడి రాష్ట్ర వెనకబడిన తరగతులు) కాగితం వేరు, కేంద్ర ఉద్యోగాలకు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కాగితం వేరు. తహసీల్ ఆఫీసులో ఏది కావాలో పేరు పెట్టి అడగాలి.

బరంపురం_బీకాం
బ్యాంకు క్లర్కు సంగతి వేరు. దానికి లోకల్, నాన్‌లోకల్ లేదు. ఏ రాష్ట్రం ఖాళీలకు పెడితే ఆ భాష రావాలి, అంతే. ఇక్కడి పిల్లలు ఆంధ్ర ఖాళీలకూ పెట్టొచ్చు. ఎస్‌బీఐలో అయితే పదిలోనో పన్నెండులోనో ఆ భాష చదివినట్టు మార్కుల షీటు చూపిస్తే భాషా పరీక్ష ఉండదు, లేకపోతే రాయాలి. చిక్కేమిటంటే, ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడేవాడికి లిపి వచ్చేది ఒడియాదే. ఒత్తులు రావు, ‘ర్థ’ రాయమంటే చేతులెత్తేస్తారు. రోజుకో పేజీ చూచిరాత మొదలెట్టండి, ఇబ్బంది పోతుంది.

వంశధార_గట్టు
సైన్సు పిల్లలకో? పీజీ అనుకునేవాళ్లు ఉన్నారు.

లెక్కల_మాస్టారు
ఆంధ్రా యూనివర్సిటీ ఒక్కటే మనసులో పెట్టుకోవద్దు బాబూ. అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి, మిగతా 15 శాతానికీ షరతులున్నాయి. సీయూఈటీ పీజీ (సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష), ఐఐటీ జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాస్తే ఈ గొడవ లేదు. సీయూఈటీతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ, మన కొరాపుట్‌లో 2009లో పెట్టిన ఒడిశా సెంట్రల్ యూనివర్సిటీకీ దారి ఉంది.

జామ్ ఫిబ్రవరిలో, దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లో. అంటే ఐదో సెమిస్టరు మొదట్లోనే. 60 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. మొదటి 30 ప్రశ్నలకే తప్పుకు కోత. తర్వాతి 10 ప్రశ్నల్లో ఒకటికి మించి సరైన జవాబులుండొచ్చు, అన్నీ పట్టుకుంటేనే మార్కు. చివరి 20 అంకె టైపు చేసేవి. వాటికి కోత లేదు కాబట్టి ఖాళీగా వదలకూడదు. చాలామంది మొదటి భాగంలోనే రెండు గంటలు పోగొట్టుకుంటారు. కొత్త నాలుగేళ్ల డిగ్రీ పద్ధతిలో నాలుగో ఏడు ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి, కాబట్టి మొదటి సెమిస్టరును తేలిగ్గా తీసుకోవద్దు.

మహేంద్రతనయ
బ్యాక్ పేపర్ల (తప్పి మిగిలిపోయినవి) మాట చెప్పలేదు. ఎస్సెస్సీ సీజీఎల్ (కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష), బ్యాంకు పీఓ రెండింటికీ నోటిఫికేషన్లో రాసిన తేదీకి డిగ్రీ ఫలితం వచ్చి ఉండాలి. ఒక్క బ్యాక్ మిగిలినా ఏడాది పోతుంది. రెండో ఏడు వేసవికల్లా బ్యాకులన్నీ తేల్చేసి, ఆ తర్వాతే పోటీ పరీక్షల పుస్తకాలు తెరవండి.

నాగావళి_ఒడ్డు
రైల్వేకు ఒక్కో ప్రకటనకు ఒకే ఆర్‌ఆర్‌బీకి (రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు) పెట్టాలి. భువనేశ్వర్‌కూ సికింద్రాబాద్‌కూ రెండూ పెడితే రెండూ కొట్టేస్తారు. పరీక్ష తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటుంది, కాబట్టి భాష కోసం బోర్డు మార్చక్కర్లేదు.

వంశధార_గట్టు
సరే, ముందు ఒడియా పరీక్ష, ఆధార్ పేరు. రేపు పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లు బయటికి తీయిస్తాను. ఎం.ఇ. పరీక్ష ఫారానికి ఏమేం జతచేయాలో తెలిసినవాళ్లు రాయండి.