వెనీలా పంచదార ఉండకట్టింది, కాయల మీద తెల్లగా ఏదో ఉంది. పారేయాలా?

బెజవాడ కోడలు:
అందరికీ నమస్తే. డిసెంబర్‌లో తేక్కడి వెళ్లినప్పుడు మసాలా దినుసుల కొట్లో నాలుగు వెనీలా కాయలు కొన్నాను. ఎంతకని అడక్కండి, మా ఆయన ఇప్పటికీ ఆ బిల్లు గుర్తుచేస్తున్నారు. రెండు కాయల్ని కత్తెరతో అంగుళం ముక్కలు చేసి, అరకిలో పంచదారలో కలిపి పాత హార్లిక్స్ సీసాలో పెట్టాను. మా అత్తయ్యగారు యాలకులు ఒలిచాక తొక్కలు పంచదార డబ్బాలో పడేస్తుంటారు. ఇదీ అలాంటిదే కదా అనుకున్నా.

పది రోజులకి మూత తీస్తే వాసన అదిరింది. కానీ ప్రతి ముక్క చుట్టూ పంచదార తేనెరంగు తిరిగి ఉండకట్టింది, చెంచా దిగట్లేదు. పైగా కవర్లో మిగిలిన రెండు కాయల మీద తెల్లగా ఏదో పట్టింది. అత్తయ్యగారు "బూజమ్మా, పారేయ్" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు.

కూకట్‌పల్లి ఓవెన్:
చక్కెరకేం కాలేదు, టెన్షన్ పడకండి. కాయలోని తేమను లాగేసుకుంది, అంతే. మంచి కాయ వేలికి చుడితే తోలు పట్టీలా వంగుతుంది, జిడ్డుగా ఉంటుంది గానీ చెమ్మగా ఉండదు. మీకు సరిగ్గా ఆరని కాయలు అంటగట్టినట్టున్నారు. చక్కెరను పళ్లెంలో పరిచి ఒక పూట ఫ్యాను కింద పెట్టండి. ఎండలో వద్దు, వాసన పోతుంది. ముక్కల్ని విడిగా ఆరనిచ్చి మళ్లీ వేసుకోండి.

నేనైతే ముక్కలు కోయను. కాయను నిలువునా చీల్చి చాకు వెనకవైపుతో లోపలి నల్లటి గుజ్జు గీకుతాను. అందులో గింజలు ఇసుకరేణువుల కన్నా సన్నం, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అలాగే సీసాలో వేస్తే ముద్ద ముద్దగానే ఉండిపోతుంది. అందుకే ముందు గుప్పెడు చక్కెరలో వేసి, పులిహోర అన్నానికి పసుపు పట్టించినట్టు వేళ్లతో బాగా నలుపుతాను. చక్కెర బూడిదరంగుకి తిరిగి చిన్న చిన్న నల్ల చుక్కలు కనిపిస్తాయి. అప్పుడు మిగతాది కలిపి, ఖాళీ తొక్కని కూడా అందులోనే గుచ్చేస్తా. 400 గ్రాములకి ఒక్క కాయ చాలు. రోజూ ఓసారి సీసా కుదపండి, రెండు వారాలు ఆగండి.

మడికేరిలో హిందూపురం:
పారేసే ముందు టార్చి వేసి చూడండి. సూదుల్లా సన్నగా మెరుస్తుంటే అది బూజు కాదు, కాయకి వాసననిచ్చే వెనిలిన్ అనే పదార్థం బయటికొచ్చి పలుకులు కట్టింది. నలిపితే ఘాటైన వెనీలా వాసనే వస్తుంది. బూజైతే మెరవదు, దూదిలా ఉంటుంది, తడిసిన గోనెసంచి వాసనేస్తుంది. బూజు పట్టిన కాయను కడిగి వాడదామనుకోకండి.

మా పక్క కాఫీ తోటలో ఈ తీగలున్నాయి. కోసినప్పుడు కాయ పచ్చగా ఉంటుంది, వాసనే ఉండదు. వేడినీళ్లలో ముంచి, దుప్పట్లలో చుట్టి, రోజూ కాసేపు ఎండ చూపిస్తూ, తర్వాత పెట్టెల్లో నెలల తరబడి మాగబెడితే గానీ ఆ నలుపు, ఆ వాసన రావు. తొందరపడితే పైన ఆరి లోపల తడి ఉండిపోతుంది. మీ కాయలకి జరిగింది అదే. పువ్వు కూడా ఒక్క పూటే. పొద్దున విచ్చుకుంటే మధ్యాహ్నానికి వాడిపోతుంది, ఆలోపు సన్న పుల్లతో ఒక్కో పువ్వుకీ పుప్పొడి అంటించాలి. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లాడు కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే. ఆ పని ఓ గంట చూశాక నేను ధర గురించి సణగడం మానేశాను.

బెజవాడ కోడలు:
టార్చి వేసి చూశాం. అత్తయ్యగారూ రైటే, నేనూ రైటే! ఒక కాయ నిండా గాజుపొడి చల్లినట్టు తళతళ. రెండోదానికి తొడిమ దగ్గర బూడిదరంగు నూగు. దాన్ని పారేశాం. సీసాలో ముక్కలు ఒక్కొక్కటీ తీసి చూశా, వాటికేమీ లేదు. ఆరబెట్టి, ఉండల్ని పప్పుగుత్తితో చిదిపాను. నిన్న సేమియా పాయసంలో వేస్తే మాత్రం వెనీలా జాడే లేదు. ఎందుకో?

స్టుట్‌గార్ట్ స్వాతి:
యాలకులు వేసుంటారు! యాలకులు పడ్డ చోట వెనీలా నోరు లేవదు, ఏదో ఒకటే వేయండి. అదీ పొయ్యి కట్టేశాక. ఇక్కడ జర్మనీలో ఈ పంచదార 8 గ్రాముల పొట్లాల్లో దొరుకుతుంది. తెలియక ఏడాది పాటు కృత్రిమ వెనిలిన్ కలిపిన పొట్లాలే వాడాను, పేర్లలో తేడా రెండక్షరాలే. మీది అసలు సరుకు, పాయసంలో ముంచేయకండి. వేడి గోధుమ అట్టు మీద నెయ్యి రాసి పైన చల్లుకోండి.

బెజవాడ కోడలు:
యాలకులు వేశాను, నిజమే. అట్టు దాకా రాలేదండీ. అత్తయ్యగారు పొద్దున ఫిల్టర్ కాఫీలో ఒక చెంచా వేసుకున్నారు. ఇప్పుడు సీసా వంటింట్లో లేదు, ఆవిడ గదిలో మందుల డబ్బా పక్కన ఉంది.