లోడింగ్ బార్ పెట్టాలా, పేజీని బాగుచేయాలా?

కొత్తట్యాబ్: మాది సింగిల్ పేజీ యాప్. మెనూలో లింక్ నొక్కితే మూడు సెకన్ల దాకా తెర మీద చలనం ఉండదు. పేజీ మొత్తం రీలోడ్ కాదు కాబట్టి బ్రౌజర్ ట్యాబ్‌లో చక్రం కూడా తిరగదు. పైన సన్నటి గీత చూపించే ఎన్‌ప్రోగ్రెస్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ కలుపుదామనుకుంటున్నా. ఎవరికైనా అభ్యంతరమా?

పాతకోడ్: నాకు ఉంది. ఆ గీత పచ్చి అబద్ధం. సర్వర్‌లో పని ఎంతయిందో దానికేం తెలుసు? టైమర్ పెట్టుకుని తనంతట తాను కాస్త కాస్త జరుగుతుంది. 99.4 శాతం దాకా వెళ్లి, మన కోడ్ ‘డన్’ అని పిలిచేదాకా అక్కడే కూర్చుంటుంది.

రెండోక్లిక్: అబద్ధమైనా ఏదో ఒకటి కదలాలి కదండీ. 1993లోనే యూజర్ ఇంటర్‌ఫేస్ నిపుణుడు జేకబ్ నీల్సన్ రాశాడు, సెకను దాటితే మనిషి ఆలోచన తెగుతుందని. మా దగ్గర సేవ్ నొక్కి, ఏమీ కాలేదనుకుని మళ్లీ నొక్కారు. ఒకే ఆర్డర్ రెండుసార్లు పడింది. రాత్రంతా కూర్చుని డూప్లికేట్లు ఏరింది నేనే.

పాతకోడ్: నొక్కగానే బటన్ డిసేబుల్ చేయాలి. సర్వర్ కూడా రెండో రిక్వెస్ట్‌ను పట్టుకోవాలి. దానికీ బార్‌కీ ఏం సంబంధం? 99.4 సంగతికి జవాబు రాలేదు.

నీలిహెడర్: దాని డిఫాల్ట్ రంగు నీలం. మా హెడరూ నీలమే. పెట్టిన వారానికి గానీ అది ఉందని ఎవరికీ తెలియలేదు.

మౌనసభ్యుడు: 200 మిల్లీసెకన్లు ఆగి చూపించండి. లేకపోతే వెంటనే వచ్చే పేజీలకి కూడా తళుక్కుమని మాయమై చిరాకు పెడుతుంది. నక్స్ట్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ సొంత ఇండికేటర్‌లో అది డిఫాల్టే.

పాతకోడ్: అంటే అబద్ధం చెప్పేముందు కాస్త ఆగమంటారు.

రెండోక్లిక్: ఆ 99.4 పట్టుకుని ఎంతసేపు వేలాడతారు సార్? సర్వర్ వైపు పనిచేసే మీ బ్యాకెండ్ వాళ్లకి ఇదంతా వేళాకోళంగానే ఉంటుంది.

పాతకోడ్: వేళాకోళమా? పాత కంపెనీలో డేటాబేస్‌లో ఒక టేబుల్‌కి, కావాల్సిన వరసను త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ లేదని, క్వెరీ మొత్తం వరసలు తిరగేస్తోందని నాలుగు నెలలు మొత్తుకున్నా. ఈలోగా ఎవరో బార్ పెట్టారు. ఫిర్యాదులు తగ్గాయి. నా టికెట్ ‘ఇక అవసరం లేదు’ అని మూసేశారు. ఇండెక్స్ ఒక్క లైను పని!

రెండోక్లిక్: ఇది ముందే చెప్పాల్సింది. కానీ టికెట్ మూసింది గీత కాదు కదా, మీ మేనేజర్. నా గోడు కూడా వినండి. సర్వర్ ముట్టుకునే హక్కు నాకు లేదు, స్లోగా ఉందన్న తిట్లు మాత్రం నాకే. నా చేతిలో ఉన్నది ఆ గీత ఒక్కటే.

పాతకోడ్: అయితే గీతతోపాటే ఏ పేజీకి ఎన్ని సెకన్లు పట్టిందో లాగ్ కూడా పెట్టండి. అప్పుడు నేను నోరెత్తను.

కొత్తట్యాబ్: లాగ్ పెడతాను. ఈలోగా గీత పెట్టి, నెట్ తీసేసి చూశా. ఎర్రర్ వచ్చినప్పుడు ‘డన్’ పిలవడం మర్చిపోయాను. గీత నిలబడిపోయింది.

పాతకోడ్: ఎక్కడ?

కొత్తట్యాబ్: మీరు చెప్పిన చోటే.