రాత్రికి రాత్రే 102 జ్వరం – డల్లాస్‌లో మొదటి చలికాలం

రాజోలు కుర్రాడు: అన్నలకీ అక్కలకీ నమస్కారమండి. ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాను. నిన్న మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాను, సాయంత్రం క్లాసులోనే వణుకు పట్టుకుంది. ఒళ్ళంతా నొప్పులు, పొడి దగ్గు. మన వైపయితే జ్వరం అనగానే డెంగీకి, టైఫాయిడ్‌కి రక్తం తీసేవారు. ఇక్కడ ఏమనుకోవాలి?

అమలాపురం అక్క: తమ్ముడూ, జనవరిలో పూటలో ఇలా పడేసిందంటే ముందు ఫ్లూనే అనుమానించాలి. జలుబు మెల్లగా దిగుతుంది. గొంతు గరగర, తుమ్ములు, ముక్కు కారడం, జ్వరం ఉన్నా అంతంతమాత్రం. ఫ్లూలో లేచి మంచినీళ్ళు తెచ్చుకోడానికీ ఓపిక ఉండదు. కోవిడ్ కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్ష రెండింటికీ చేయించుకో. ఇవాళే వెళ్ళు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలెడితేనే బాగా పనిచేస్తుంది, ఇక్కడ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. సూట్‌కేసులో అజిత్రోమైసిన్ తెచ్చుకునే ఉంటావు, అది యాంటీబయాటిక్, వైరస్‌కి పనిచేయదు, ముట్టుకోకు.

భీమవరం బాబాయి: రోగం సంగతి సరే, ఎక్కడికి వెళ్తున్నావన్నది ముఖ్యం. మా బావమరిది ఇలాంటి జ్వరానికే అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాడు. తెల్లారేదాకా కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష చేసి, టైలెనాల్ మాత్రొకటి చేతిలో పెట్టి పంపేశారు. ఆ తర్వాత మొదలైంది. ఆసుపత్రి బిల్లొకటి, డాక్టరుది వేరే, ల్యాబుది ఇంకో కవరు. ఫోన్ చేస్తే ఇన్సూరెన్సు వాళ్ళని అడగమంటారు, వాళ్ళు ఆసుపత్రినే అడగమంటారు. పద్దువారీ బిల్లు పంపమని రాతపూర్వకంగా అడిగాకే కొంత తగ్గించారు. యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్ళు, అది మూసేస్తే అర్జెంట్ కేర్, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్. క్యాంపస్ జాబుంటే జీతంతో సెలవు అడుగు, చట్టం ప్రకారం ఇచ్చి తీరాలి.

పాలకొల్లు మావయ్య: బాబాయి గారూ, ఏ చట్టమండి అది? ఫెడరల్‌గా, అంటే దేశమంతటికీ, అలాంటిదేం లేదు. కొన్ని రాష్ట్రాలు పెట్టుకున్నాయి, టెక్సస్ వాటిలో లేదు. కుర్రాణ్ణి సూపర్‌వైజర్‌తో తగువుకి పంపకండి. ఇంకోమాట, ఆ ఫ్లూ టీకా జోలికి మాత్రం నేను వెళ్ళను, వేసిన మర్నాడే ఫ్లూ వచ్చేస్తుంది.

అమలాపురం అక్క: అన్నయ్య గారూ, సూదిమందులో బతికున్న వైరస్ ఉండదండి, దాంతో ఫ్లూ రాదు. చెయ్యి సలుపు, ఒకట్రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడటం, అంతే. రక్షణకి రెండు వారాలు పడుతుంది, ఈలోగా బయట అంటుకున్నదాన్ని సూది మీదకి తోసేస్తాం.
తమ్ముడూ, బాబాయి గారి బిల్లు కథ విని అసలుకే భయపడకు. ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, మాట తికమకైనా, జ్వరం దిగి మళ్ళీ ఎగదన్ని దగ్గు ముదిరినా ఎమర్జెన్సీకే. టైలెనాల్ అంటే మన డోలోనే. దగ్గు సిరప్పుల్లోనూ చాలావాటిలో అదే ఉంటుంది, సీసా వెనక చిన్నక్షరాల్లో ఎసిటమినోఫెన్ (మన పారాసెటమాల్‌కి ఇక్కడి పేరు) అని ఉందేమో చూసి తాగు. అన్నీ కలిపి రోజుకి 4 గ్రాములు దాటకూడదు.

భీమవరం బాబాయి: అంబులెన్సు బిల్లు ఎవరు కడతారో కూడా చెప్పమ్మా మరి.

రాజోలు కుర్రాడు: హెల్త్ సెంటర్‌లో చూపించానండి, ఫ్లూలో ‘ఎ’ రకం అన్నారు. మందు మొదలుపెట్టాను. ఈ వారం రూమ్‌లో వంట నా వంతు, ఆయ్.

అమలాపురం అక్క: వంటగదిలోకి వెళ్ళావంటే నలుగురూ పడతారు. మాత్ర వేయకుండా ఒక రోజంతా జ్వరం లేకుండా ఉన్నాకే గది బయటికి, అదీ మాస్కుతో.